పదహారు వేల ఐ7లో ఏముంది?

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయిపోయాక నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న: "మేడమ్, ఇంట్లో పిల్లలకి కంప్యూటర్ కొందామనుకుంటున్నాం, ఏది తీసుకోమంటారు?" వాడరేవు నుంచి వచ్చిన వాళ్లు అడిగారు, చీరాల, పేరాల వాళ్లు అడిగారు, పర్చూరు వైపు నుంచి వచ్చే ఇద్దరు అడిగారు. అందరికీ నిలబడి రెండు ముక్కల్లో చెప్పడం కుదరలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఇది స్కూలు తరఫున చేసే సిఫారసు కాదు, సైన్స్ చెప్పుకునే ఒక టీచరు అభిప్రాయం మాత్రమే.

ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకు ట్యాబ్ కంటే, ల్యాప్‌టాప్ కంటే డెస్క్‌టాప్ మేలని నా నమ్మకం. ఉన్న బడ్జెట్ తక్కువైతే భాగాలు విడివిడిగా ఎంచుకుని అసెంబుల్ చేయించుకోవడం ఇంకా మేలు. ఒక భాగం పోతే ఆ ఒక్కటే మార్చుకుంటాం, మొత్తం పెట్టెను పారేయక్కర్లేదు. పైగా మన పిల్లలు రేపు రాయబోయే పరీక్షలు డెస్క్‌టాప్ ముందే. ఆంధ్రప్రదేశ్ ఎంసెట్ 2018 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది, ఇప్పుడు పేరు ఈఏపీసెట్. జేఈఈ మెయిన్‌ను నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ 2019 నుంచి కంప్యూటర్ మీదే పెడుతోంది. అందులో సంఖ్య రూపంలో జవాబు ఇవ్వాల్సిన ప్రశ్నలకు తెర మీద కనిపించే అంకెల మీద మౌస్‌తో నొక్కాలి. మూడు గంటలు నిటారుగా కూర్చుని, మౌస్ పట్టుకుని, నిలువు తెర మీద లెక్క చదివి పక్కన కాగితం మీద చేసుకోవడం ఒక అలవాటు. ఫోన్‌లో పడుకుని చూసే వీడియో పాఠంతో ఆ అలవాటు రాదు. నీట్ ఇంకా పెన్నూ కాగితం మీదే ఉందనుకోండి, అయినా మిగతా వాటికి ఇది తప్పదు.

ఇక అసలు విషయం. మీలో ఒకరు నాకు చూపించిన కొటేషన్ కాగితం మీద రాసి ఉన్నది ఇంతే: "ఐ7, 16 జీబీ, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ, గేమింగ్ క్యాబినెట్, ఒక సంవత్సరం వారంటీ. పదహారు వేలు." ఆ తండ్రి ముఖంలో సంతోషం. "ఐ7 అంటండి, బయట అరవై వేలట, మనకి పదహారుకే ఇస్తానంటన్నాడు." ఆయన ఆనందాన్ని చెడగొట్టడం నాకు ఇష్టం లేదు గానీ ఆ కాగితంలో రాయనిదే ఎక్కువ ఉంది.

ఐ3, ఐ5, ఐ7 అనేవి సెక్షన్ల లాంటివి. ఏ తరగతి అన్నది ఆ తర్వాత వచ్చే అంకెలు చెబుతాయి. ఐ7-3770 అంటే మూడో తరం, 2012లో వచ్చింది. ఐ3-12100 అంటే పన్నెండో తరం, 2022 జనవరిలో వచ్చింది. రెంటిలోనూ నాలుగు కోర్లే, ఎనిమిది థ్రెడ్లే. కానీ మూడో తరగతి ఏ సెక్షన్ పిల్లవాడికీ ఇంటర్ చదివే సి సెక్షన్ పిల్లవాడికీ లెక్కల పోటీ పెడితే ఏమవుతుందో ఇక్కడా అదే. పది సంవత్సరాల తర్వాత వచ్చిన ఐ3 ఆ పాత ఐ7ను రోజువారీ పనులన్నిటిలో సులువుగా దాటేస్తుంది, కరెంటూ తక్కువే తింటుంది. (సెక్షన్లను ఇలా పోల్చినందుకు మా కోఆర్డినేటర్ మేడమ్ కోప్పడకూడదని మనవి.)

కొటేషన్‌లో "ఐ7" అని మాత్రమే రాసి, వెనక నాలుగైదు అంకెలు లేకపోతే ఆ కాగితం అసంపూర్తి. అడిగి రాయించుకోండి. మదర్‌బోర్డు పేరూ అడగండి. హెచ్61 అంటే 2011 నాటి చిప్‌సెట్, హెచ్610 అంటే 2022ది. చివర ఒక్క సున్నా తేడా, మధ్యలో పదకొండేళ్లు! పాత ఐ7 చిప్‌లను ఆఫీసులు తీసేసిన యంత్రాల నుంచి ఊడదీసి, పేరు లేని కొత్త హెచ్61 బోర్డుల మీద కూర్చోబెట్టి, రంగు లైట్ల పెట్టెలో పెట్టి కొత్త కంప్యూటర్ అంటారు. చట్టవిరుద్ధమని నేననను. పాతదని చెప్పి, పాత ధరకు అమ్మితే తప్పేముంది? చెప్పకపోవడం దగ్గరే వస్తోంది చిక్కు.

పాతదైతే మాత్రం పనిచేయదా అంటే, చేస్తుంది. అయితే విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా అర్హత. మూడో తరం యంత్రంలో కూడా విండోస్ 11 వేసి ఇస్తున్నారు, తనిఖీని దాటవేసే దారులున్నాయి. అలా వేసినదానికి రేపు అప్‌డేట్ అందుతుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. యూపీఐ, బ్యాంకు పనులు కూడా ఇంట్లో అదే కంప్యూటర్‌లో చేసేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి. బడ్జెట్ నిజంగా పదిహేను, పదహారు వేలే అయితే దొంగ కొత్తదాని కంటే నిజమైన పాతది కొనండి. పెద్ద కంపెనీలు లీజు ముగిశాక అమ్మేసే బ్రాండెడ్ ఆఫీసు డెస్క్‌టాప్‌లలో ఎనిమిదో తరం ఐ5, అంటే ఐ5-8500 లాంటివి, దొరుకుతాయి. చూడ్డానికి నల్లగా, చప్పగా ఉంటాయి, పిల్లలకు నచ్చవు. లోపలి సరుకు మాత్రం గట్టిది.

కొత్త భాగాలతో కట్టించేవాళ్లు ప్రాసెసర్ పేరు చివర అక్షరాన్ని కూడా చూడాలి. ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉంటే దానిలో బొమ్మ చూపించే గ్రాఫిక్స్ భాగం ఉండదు, వేరే కార్డు కొనాల్సిందే. ఐ3-12100ఎఫ్ కొంచెం చవకగా కనిపిస్తుంది, కార్డు కలిపేసరికి ఆ ఆదా ఎగిరిపోతుంది. ఎఫ్ లేనిదే అడగండి. ఏఎండీ వైపు వెళితే రైజెన్ 5 5600కి గ్రాఫిక్స్ లేదు, చివర జీ ఉన్న 5600జీకి ఉంది. ఈ రెండు కంపెనీల్లో ఏది గొప్పదన్న వాదన మా తొమ్మిదో తరగతి వెనక బెంచీలో రోజూ నడుస్తూనే ఉంటుంది, దానిలోకి నేను వెళ్లను.

గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడు వద్దనే నా మాట. పిల్లలు అడుగుతారని తెలుసు. పైథాన్ నేర్చుకోవడానికి, సీబీఎస్ఈ వాళ్ల ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ సబ్జెక్టు ప్రాజెక్టులకు, జియోజీబ్రాలో గ్రాఫులు గీయడానికి, మాక్ టెస్టులకు అది అక్కర్లేదు. బోర్డు మీద ఆ స్లాట్ ఖాళీగా ఉంటుంది. పదో తరగతి అయ్యాక కూడా కావాలంటే అప్పుడు పెట్టించుకోవచ్చు. మొదటే "గేమింగ్" అన్న పేరుతో కార్డు మీద సగం బడ్జెట్ పోసి, మిగతావన్నీ కోసేయడం వల్ల వచ్చేది ఆటా కాదు, చదువూ కాదు.

ర్యామ్ 8 జీబీ ఒకే ముక్కగా తీసుకుని రెండో స్లాట్ ఖాళీగా ఉంచండి. 2025 చివరి నుంచి మెమరీ ధరలు ప్రపంచమంతా బాగా పెరిగాయి, చిప్‌లు ఏఐ సర్వర్లకు తరలిపోవడమే ముఖ్య కారణం. కాబట్టి 16 జీబీ కోసం ఇప్పుడే పట్టుబట్టకండి. స్టోరేజీకి మంచి కంపెనీ ఎస్‌ఎస్‌డీ, 256 జీబీ అయినా చాలు. తిరిగే పాత హార్డ్ డిస్క్ మీద మాత్రం విండోస్ వేయించకండి. స్విచ్ వేసి టీ తాగి వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉంటుంది.

ఇప్పుడు ఎవరూ అడగని భాగం. దాని పేరు ఎస్‌ఎంపీఎస్. గోడలోంచి వచ్చే కరెంటును కంప్యూటర్ తినగలిగే 12 వోల్టులుగా, 5 వోల్టులుగా మార్చే పెట్టె. బోటు కొనేటప్పుడు పైన వేసిన రంగు చూసి కొనేవాళ్లు వాడరేవులో ఒక్కరూ ఉండరు, ఇంజను మోత వింటారు. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం క్యాబినెట్ లైట్లు చూసి మురిసిపోయి, దానితో "ఉచితంగా" వచ్చిన ఎస్‌ఎంపీఎస్‌ను తలకెత్తుకుంటున్నాం.

దాని పక్కన ఒక లేబుల్ ఉంటుంది. పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉండొచ్చు. దాన్ని వదిలేసి చిన్న అక్షరాల్లో 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. ఇది మన పదో తరగతి కరెంటు పాఠం, వోల్టేజీని కరెంటుతో గుణిస్తే శక్తి. అక్కడ 14 ఆంపియర్లు అని ఉంటే 12 ఇంటూ 14, అంటే 168 వాట్లే. ఇప్పటి కంప్యూటర్ శక్తిలో ఎక్కువ భాగం ఆ 12 వోల్టుల లైను నుంచే తీసుకుంటుంది, కాబట్టి అట్ట మీది 450 అలంకారం. అదే లేబుల్ మీద 34 ఆంపియర్లు ఉంటే 408 వాట్లు, ఆ 450ని కొంత నమ్మొచ్చు. ఈ లెక్క మీరు చేయక్కర్లేదు, దుకాణంలో మీ పిల్లవాడితో చేయించండి. "80 ప్లస్" గుర్తు ఉన్నది తీసుకోండి. చేతిలో పట్టుకుని బరువు చూడటం కూడా పనికొస్తుంది. లోపల కాయిళ్లు, కెపాసిటర్లు, వేడి లాగే అల్యూమినియం ముక్కలు పొదుపు చేసినది తేలిగ్గా ఉంటుంది.

ఇంత ఎందుకు చెబుతున్నానంటే, మన దగ్గర కరెంటు పోవడం ఒక సమస్యైతే, తిరిగి రావడం ఇంకో సమస్య. తుఫాను రోజుల్లో లైను వచ్చీ పోయీ చేస్తుంటే చవక ఎస్‌ఎంపీఎస్ తాను పోతూ పక్కనున్న బోర్డును, ఎస్‌ఎస్‌డీని వెంట తీసుకుపోవచ్చు. మంచిది తాను పోయినా మిగతావాటిని కాపాడేలా కడతారు. దీనికి తోడు 600 వీఏ యూపీఎస్ ఒకటి ఉండాలి. 600 వీఏ అంటే 600 వాట్లు కాదు, చాలా వాటిలో 360 వాట్లే. గ్రాఫిక్స్ కార్డు లేని డెస్క్‌టాప్ మామూలు పనుల్లో మానిటర్‌తో కలిపినా నూరు వాట్ల లోపే తీసుకుంటుంది కాబట్టి సరిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవాళ్లు దాని వెనక యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉందేమో చూసి అందులో పెట్టండి.

ఎర్తింగ్ మాట కూడా ఇక్కడే చెప్పాలి. క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోందని పిల్లలు చెబితే "చెప్పులేసుకుని కూర్చో" అని ఊరుకోకండి. ఎస్‌ఎంపీఎస్‌లో ఉండే ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కొద్దిపాటి కరెంటు ఇనుప పెట్టెలోకి వస్తుంది, అది భూమిలోకి పోవడానికే ప్లగ్గులో లావుగా ఉండే మూడో పిన్ను. చాలా ఇళ్లలో సాకెట్‌కు మూడు రంధ్రాలు ఉంటాయి, వెనక తీగలు రెండే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ ఒక్క పాయింటుకైనా ఎర్తింగ్ సరిచేయించండి. కంప్యూటర్ లేకపోయినా చేయించాల్సిన పని అది.

వాడరేవు వాళ్లకు ప్రత్యేకంగా ఇంకో శత్రువు ఉంది, దాన్ని నాకంటే మీకే బాగా తెలుసు. కిటికీ ఊచలు, గేటు కీళ్లు, ఫ్యాను రెక్కలు ఏవీ అక్కడ రంగు నిలుపుకోవు. గాలిలోని తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని నీరవుతుంది. వానాకాలం వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లేది అందుకే. సముద్రపు గాలితో వచ్చి బోర్డు మీద పడిన సన్నటి ఉప్పు పొడి కూడా అంతే. పొడిగా ఉన్నంతసేపు ఏమీ చేయదు, రాత్రిపూట తడిసి కరెంటు పారే ద్రవమవుతుంది, సన్నని రాగి దారులను నెమ్మదిగా తినేస్తుంది. చీరాల ఊళ్లోకి ఆరేడు కిలోమీటర్లు వచ్చేసరికి ఈ బాధ బాగా తగ్గుతుంది, ఒడ్డున ఉన్న ఇళ్లకు మాత్రం లెక్కలోకి తీసుకోక తప్పదు.

అలాగని ఖరీదైన పెట్టెలు కొనక్కర్లేదు. సముద్రం వైపు కిటికీకి ఎదురుగా కంప్యూటర్ పెట్టకుండా లోపలి గదిలో, నేల మీద కాకుండా బల్ల మీద పెట్టండి. ముందువైపు గుడ్డలాంటి వడపోత జాలీ ఉన్న మామూలు క్యాబినెట్ ఎంచుకోండి, నాలుగు వైపులా ఫ్యాన్లు, అద్దాలు ఉన్నది వద్దు. ఎక్కువ ఫ్యాన్లంటే ఎక్కువ ఉప్పు గాలి. రోజూ కాసేపైనా ఆన్ చేయండి. నడిచే యంత్రం తన వేడికి తానే ఆరుతుంది, వారాల తరబడి మూలన పడేసినదే తుప్పు పడుతుంది. టీవీకి కప్పినట్టు గుడ్డ కప్పాలనుకుంటే ఆఫ్ చేసి చల్లారాకే కప్పండి. నడుస్తుండగా కప్పితే ఉప్పు కంటే ముందు వేడే దాన్ని చంపుతుంది. పర్చూరు, చిలకలూరిపేట వైపు జిన్నింగ్ మిల్లుల దగ్గర ఉండేవాళ్లకు ఉప్పు బెడద లేదు, దూది నుసి ఉంది. ప్రాసెసర్ మీది రెక్కల్లో అది దుప్పటిలా పరుచుకుంటుంది. మూడు నెలలకోసారి మెత్తటి బ్రష్షుతో దులిపిస్తే చాలు.

డబ్బు సంగతికి వస్తాను. తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. మన రాష్ట్రంలో స్కూళ్లు తెరిచేది దాదాపు జూన్ 12న. ఫీజులు, పుస్తకాలు, యూనిఫాం అన్నీ బోట్లు ఒడ్డున ఉన్నప్పుడే మీ నెత్తిన పడతాయి. ఆ నెలల్లోనే కంప్యూటర్ కూడా వాయిదాల మీద కొనండని చెప్పే టీచరును నేను కాను. అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌లో ఉన్న పెద్ద సుఖం అదే, దాన్ని విడతలుగా కట్టుకోవచ్చు. ఇంట్లో హెచ్‌డీఎంఐ సాకెట్ ఉన్న టీవీ ఉంటే మొదటి ఆరు నెలలు అదే మానిటర్. వేట బాగా పడిన నెలలో, మిర్చి అమ్మిన నెలలో మానిటర్. తర్వాత రెండో ర్యామ్. గ్రాఫిక్స్ కార్డు ఎప్పటికో. విడతల్లో వెనక్కి నెట్టకూడనివి ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్ రెండే.

ఎక్కడ కొనాలని కూడా అడుగుతున్నారు. దుకాణం పేరు నేను చెప్పను, అడగొద్దు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో వరుసగా దుకాణాలే. చీరాల నుంచి చెన్నైకి నేరుగా రైలుంది. ధర అక్కడ తగ్గొచ్చు గానీ ఏదైనా చెడితే మళ్లీ రైలెక్కాలి, చార్జీలు, ఒక రోజు పని పోవడం కలిపి చూసుకోండి. దగ్గరి దుకాణంలో కొంచెం ఎక్కువైనా జీఎస్టీ బిల్లు, ప్రతి భాగం సీరియల్ నంబరుతో సహా ఇస్తే నేను అక్కడే కొంటాను. "బిల్లు లేకుండా 18 శాతం తగ్గిస్తాం" అంటే ఆ 18 శాతంతో పాటు వారంటీ కూడా పోతుందని అర్థం. "మొత్తానికి ఒక సంవత్సరం" అన్న వారంటీకి ఒప్పుకోకండి. డబ్బాలో వచ్చే ఇంటెల్ ప్రాసెసర్‌కు కంపెనీయే మూడేళ్లు ఇస్తుంది, మంచి ఎస్‌ఎస్‌డీలకు మూడేళ్లో ఐదేళ్లో ఉంటుంది. ఆ ఖాళీ డబ్బాలు మీవి, దుకాణంలో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి.

బిగించేటప్పుడు పిల్లలను తీసుకెళ్లండి. గంట పని. వీలైతే ఆదివారం పెట్టుకోండి, కుర్రాడు స్క్రూ బిగిస్తానంటే బిగించనివ్వమని మెకానిక్‌ను అడగండి. ర్యామ్ ఎక్కడుందో కళ్లతో చూసిన పిల్ల పరీక్షలో ప్రైమరీ మెమరీ అంటే ఏమిటో బట్టీ పట్టదు. ఆడపిల్లలను కూడా అని ప్రత్యేకంగా రాస్తున్నాను, ఎందుకంటే మీటింగ్‌లో కంప్యూటర్ గురించి అడిగినవాళ్లలో ఎక్కువమంది కొడుకు కోసమే అడిగారు. నా తొమ్మిదో తరగతిలో ల్యాబ్ పీరియడ్ బెల్లు కొట్టినా కుర్చీ వదలనివాళ్లు మాత్రం ఎక్కువగా అమ్మాయిలే.

కొటేషన్ తీసుకున్నాక అర్థం కాకపోతే డైరీలో పెట్టి పంపండి. ప్రాసెసర్ పూర్తి నంబరు, మదర్‌బోర్డు మోడల్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్ ఒక్కో లైనులో, ఒక్కోదాని పక్కన కంపెనీ పేరు, ధర, వారంటీ రాయించండి. అలా విడదీసి రాయడానికి దుకాణదారు ఒప్పుకోకపోతే ఇంకో దుకాణానికి వెళ్లండి. సాయంత్రం స్టడీ అవర్ ముందు పావుగంట నాకు ఖాళీ ఉంటుంది, చూసి డైరీలోనే రాసి పంపుతాను. "ఐ7, పదహారు వేలు" అని మాత్రమే ఉన్న కాగితం పంపితే మాత్రం ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి వెనక్కి పంపేస్తాను.